క్యాష్ కౌంటరు నుంచి పేస్టల్ పెట్టె దాకా

(సిబ్బంది కుటుంబ సభ్యుల సమావేశంలో, మన బ్యాంకులో పదవీ విరమణ చేసిన ఒక అధికారిణి చేసిన ప్రసంగ పాఠం)



ఇలాంటి సమావేశాలకి మామూలుగా మ్యూచువల్ ఫండ్ల గురించో మోకాళ్ల నొప్పుల గురించో చెప్పేవాళ్లని పిలుస్తారు. ఈసారి నన్ను పిలిచి బొమ్మల గురించి మాట్లాడమన్నారు. ముందే చెప్తున్నాను, నేను చిత్రకారిణిని కాను. 1983లో క్యాష్ క్లర్కుగా చేరి, 2018లో అధికారిణిగా బయటికొచ్చిన మనిషిని. మధ్యలో ఎక్కువ కాలం కౌంటరు వెనకే గడిచింది. నా గీత అంటే వోచరు మీద పెట్టే టిక్కే. ఇంకో గీత తెలుసు, అది ధనుర్మాసంలో వాకిట్లో వేసే ముగ్గు.

రిటైరవడానికి రెండేళ్ల ముందు నా కుడిచెయ్యి వణకడం మొదలైంది. మొదట కాఫీ కప్పు దగ్గర బయటపడింది. ఆ తర్వాత నోట్ల కట్ట చేతిలోకి తీసుకుంటే అంచులు సన్నగా అదిరేవి. అప్పటికి కౌంటింగ్ మిషన్లు వచ్చేశాయి కాబట్టి ఎవరికీ తెలియకుండా నెట్టుకొచ్చాను. నరాల డాక్టరు గారు చూసి, ఇది భయపడాల్సిన రకం కాదు, మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగారు. మా అమ్మకి ఉండేది. ఆవిడ మజ్జిగ గ్లాసు రెండు చేతులతో పట్టుకునేది. అది వయసు వల్ల అనుకున్నాం కానీ ఇలా మాకు వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

ఉద్యోగం ముగిసిన మరుసటి సంవత్సరం మా అపార్ట్‌మెంటు మెయింటెనెన్సు కోసం ఇచ్చిన చెక్కు తిరిగొచ్చింది. కారణం: సంతకం తేడా. అసోసియేషన్ కార్యదర్శి గారు ఆ కాగితం ఇవ్వడానికి ఇంటికొచ్చి, మొహమాటపడుతూ గుమ్మంలోనే నిలబడిపోయారు. నేను ఎన్ని వందల చెక్కులు అదే కారణం రాసి వెనక్కి పంపి ఉంటానో! బ్రాంచికి వెళితే కౌంటర్లో ఉన్న అబ్బాయి స్క్రీను మీద నా పాత సంతకం చూపించి, “మేడమ్, ఇదీ అదీ అస్సలు కలవట్లేదు” అన్నాడు. అతని తప్పేమీ లేదు. నేనైనా అదే చేసేదాన్ని. కొత్త నమూనా సంతకం ఇచ్చి వచ్చాను. నా పేరు నేను రాసుకుంటుంటే అది వేరే ఎవరిదో అని నా బ్యాంకే అన్న రోజు అది. ఇంటికొచ్చి చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు.

ఇక బొమ్మల సంగతి. మా అపార్ట్‌మెంటు రెండో అంతస్తులో ఒక డ్రాయింగు టీచరు ఆదివారాలు పిల్లలకి క్లాసులు చెప్తుంది. మా మనవణ్ణి చేర్పించాను. వాడికి అప్పుడు ఎనిమిదేళ్లు. మూడు నెలల ఫీజు ఒకేసారి కట్టాను. రెండు ఆదివారాలు వెళ్లి, మూడో ఆదివారం బ్యాటు పట్టుకుని కిందకి పోయాడు. ఫీజు వెనక్కి అడగడానికి మొహం చెల్లలేదు, ఊరికే వదిలేయడానికి మనసొప్పలేదు. ముప్పై అయిదేళ్లు బ్యాంకులో చేసినదాన్ని కదా. “టీచరు గారూ, వాడి బదులు నేను కూర్చోవచ్చా?” అన్నాను. ఆ అమ్మాయి నవ్వి, “రండి ఆంటీ, చాప మీద కూర్చోగలరా మరి?” అంది. అలా పదిమంది పిల్లల మధ్య నా చదువు మొదలైంది.

మొదటివారమే ఒక తప్పు చేశాను. పేస్టల్స్ తెమ్మంటే కొట్లో అడిగి ఒక డబ్బా కొనుక్కెళ్లాను. అవి ఆయిల్ పేస్టల్స్. మన పిల్లలు బడిలో వాడేవి అవే, నూనె, మైనం కలిపి చేస్తారు, చేతికి జిడ్డుగా తగులుతాయి. సాఫ్ట్ పేస్టల్ అంటే అది కాదు. రంగు పొడి, కొంచెం సుద్ద, వాటిని పట్టి ఉంచడానికి చాలా కొద్దిగా బంక, ఇవి నీళ్లతో ముద్దచేసి, కడ్డీలుగా ఒత్తి ఆరబెడతారు. అసలు ఆ పేరే ఇటాలియన్ భాషలో ముద్ద అనే మాటలోంచి వచ్చింది. బంక ఎంత తక్కువైతే ముక్క అంత మెత్తన. చూడ్డానికి చాక్‌పీసులా ఉంటుంది కానీ చాక్‌పీసులో ఉన్నది చాలావరకు తెల్లపొడే, ఇందులో ఉన్నది చాలావరకు రంగే. పేస్టల్ రంగులు అంటే లేత గులాబీ, లేత నీలం అని చీరల కొట్లో అంటారు. ఆ మాట నమ్మకండి. ఈ పెట్టెలో ఉన్నంత చిక్కటి నీలం, చిక్కటి ఎరుపు నేను పట్టుచీరల్లో కూడా చూడలేదు.

ఆడవాళ్లకి ఒక మాట చెప్తాను. ఇది ముగ్గుకి దగ్గరి చుట్టం. తడి లేదు, బ్రష్షు లేదు, ఆరేదాకా ఆగడం లేదు. పొడి వేళ్ల మీదుగా నేల మీదికి దిగినట్టే ఇది కాగితం మీదికి దిగుతుంది. కాకపోతే ముగ్గులో గీత తిన్నగా రావాలి. నాకు చెయ్యి వణికినప్పటినుంచి చుక్కలు పెట్టడం కుదురుతోంది, కలపడం కుదరడం లేదు. మా కోడలు కలుపుతుంది.

సరైన పెట్టె కొన్నాక టీచరు నాకిచ్చిన మొదటి పని ఏమిటో తెలుసా? కొత్త ముక్కని రెండుగా విరవమంది. 24 ముక్కల పెట్టె, ఒక్కోటి కాగితం చుట్టి, దూది పరుపు మీద పడుకోబెట్టి ఉన్నాయి. నాకు ప్రాణం ఒప్పలేదు. ఆ అమ్మాయే తీసుకుని టప్పున విరిచి, పైన చుట్టిన కాగితం ఊడదీసి చేతిలో పెట్టింది. “పెన్నులా పట్టుకోకండి ఆంటీ. అడ్డంగా, ముక్క పక్కభాగం కాగితానికి ఆనించి, భుజం దగ్గర్నుంచి చెయ్యి కదపండి” అంది. అలా లాగాను. రెండంగుళాల వెడల్పున ఒక నీలం చార పడింది. దాంట్లో నా వణుకు ఎక్కడా కనపడలేదు. లేదని కాదు, ఉంది, కానీ ఆ వెడల్పులో అది కూడా రంగులో కలిసిపోయింది. పక్కన కూర్చున్న చిన్నపిల్ల, “బామ్మా, సముద్రమా?” అని అడిగింది. అవునన్నాను.

వణుకు తగ్గిందని చెప్పడానికి ఇక్కడికి రాలేదు. తగ్గలేదు. మందు ఇప్పటికీ వేసుకుంటున్నాను. బొమ్మలు వేస్తే జబ్బులు పోతాయని వాట్సాప్‌లో ఎవరైనా పంపితే నన్ను మాత్రం సాక్ష్యం పిలవకండి.

నా మొదటి పాఠం ఒక వంకాయ. నల్లగా నిగనిగలాడే గుండ్రటి వంకాయ. దాన్ని ఎలా వేయాలో కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే నాకు తెలిసినదంతా ఆ ఒక్క వంకాయలోనే ఉంది. అయిదు వారాలు వేశాను దాన్ని. వంకాయలు మారాయి, కూరలయ్యాయి, బొమ్మ మాత్రం కుదరలేదు.

ముందు కాగితం. తెల్లకాగితం వద్దు, బూడిదరంగుదో మట్టిరంగుదో తీసుకోమంది. తెలుపు మీద ఏ రంగు పెట్టినా ముదురుగానే కనిపిస్తుంది, మనం భయపడి లేతగా వేసేస్తాం. మధ్యరకం రంగు కాగితం మీదైతే ముదురు ముదురుగా, లేత లేతగా తెలుస్తాయి. కాగితానికి గరుకు కూడా ఉండాలి. నున్నటి కాగితం మీద పేస్టల్ నిలవదు, జారి రాలిపోతుంది. పేస్టల్ కోసమే చేసే కాగితాలు దొరుకుతాయి. కాన్సన్ వాళ్ల మి తాంత్ అనే రకంలో ఒకవైపు తేనెపట్టులా గళ్లుంటాయి, రెండోవైపు సన్నటి గరుకు. నేను రెండోవైపే వాడతాను. నోటు కాగితం పత్తితో చేస్తారని మనవాళ్లందరికీ తెలుసు. నా వేళ్లు ఇన్నేళ్లు ఆ గరుకునే చదివాయి. అందుకేనేమో, క్లాసులో అందరికంటే ముందు కాగితం తేడా నాకే తెలిసేది. చెప్పుకోవడానికి నాకున్న ఒకే ఒక్క గొప్ప అది. ఖర్చు ఎందుకనుకునేవాళ్లు హార్డ్‌వేరు కొట్లో ఉప్పుకాగితం కొనండి, బాగా సన్నరకం, 400 నంబరో 600 నంబరో. రంగుని అద్భుతంగా పట్టుకుంటుంది. ఏళ్ల తరబడి దాచుకునే బొమ్మకి అది పనికిరాదు, నేర్చుకోవడానికి మాత్రం బాగుంటుంది. వేలితో గట్టిగా రుద్దారో, వేలే అరుగుతుంది.

పెన్సిలుతో గీత గీయకూడదు. దాని జిడ్డు మీద పేస్టల్ అంటదు. బొగ్గు ముక్కతో పైపైన గుర్తు పెట్టుకోవాలి.

తర్వాత కళ్లు చికిలించి చూడమంది. ఇదే నాకు అన్నిటికంటే కష్టమైంది. కౌంటర్లో నేను నేర్చుకున్నది దీనికి పూర్తిగా వ్యతిరేకం. నోటు తీసుకుంటే దారం చూడాలి, నీటిగుర్తు చూడాలి, అంకెలు చూడాలి, చిన్నదాన్ని వదలకూడదు. ఇక్కడేమో చిన్నవన్నీ వదిలేయమంటుంది. కళ్లు సగం మూస్తే వంకాయ మీద మూడే మూడు కనిపిస్తాయి: బాగా చీకటి భాగం, ఓ మోస్తరు భాగం, వెలుగు భాగం. తొడిమ ముళ్లు, మచ్చలు ఏవీ కనపడవు. ఆ మూడింటినే ముందు వేయాలి. నేను వెళ్లి వెళ్లి తొడిమ దగ్గర మొదలుపెట్టేదాన్ని. నాలుగు వారాలు నా వంకాయలన్నీ అందమైన తొడిమ ఉన్న గులకరాళ్లలా వచ్చాయి.

ముదురు ముందు, లేత చివర. నలుపు తీయబోతే చెయ్యి పట్టుకుంది. వంకాయ నలుపు నలుపుతో రాదట. ముదురు నీలం ఒక పూత, దానిమీద ముదురు ఎరుపు ఒక పూత, రెండూ తేలిగ్గా, కింది రంగు మధ్యమధ్యలో కనపడేలా. నీళ్లరంగుల్లో ముందు పళ్లెంలో కలుపుకుంటాం. ఇందులో కలపడమంతా కాగితం మీదే. రెండు రంగుల్ని పక్కపక్కన చారలుగా వదిలేస్తే కొంచెం దూరం నుంచి చూసే కన్నే వాటిని కలుపుకుంటుంది. మనమేమో వేలితో రుద్దకుండా ఉండలేం. రుద్దితే నున్నగా వస్తుంది, నిజమే, కానీ ప్రాణం పోతుంది. ఆ పొడిలో ఉన్న మెరుపంతా గరుకు గుంటల్లోకి అణిగిపోయి, నానిన గోడలా తయారవుతుంది. నా మూడో వంకాయని అలాగే చంపాను.

పూతలకి కూడా ఒక లెక్క ఉంది. నాలుగైదు పూతలయ్యేసరికి కాగితం గరుకు నిండిపోతుంది. ఆ తర్వాత ఎంత రుద్దినా రంగు పట్టదు, పైన జారుతుంది. కాగితం ఇక చాలంటుందన్నమాట. అప్పుడు గట్టి బ్రష్షుతో ఆ భాగం దులిపేసి, మళ్లీ మొదలుపెట్టాలి. ఈ దులిపేయడం నాకెంతో నచ్చింది. మన ఉద్యోగంలో తప్పు పడితే కొట్టివేత ఉండాలి, దానికి సంతకం ఉండాలి, ఒక రూపాయి తేడా వస్తే రాత్రి ఎనిమిదయినా టాలీ అయ్యేదాకా కదలకూడదు. ఇక్కడ తప్పు దులిపితే పోతుంది, దాని నీడ కొంచెం మిగులుతుంది, ఆ నీడ మీదే కొత్త రంగు ఇంకా బాగా కూర్చుంటుంది. దీనికి అలవాటు పడడానికి నాకు ఏడాది పట్టింది.

ఆఖరున మెరుపు. ఇంచుమించు తెల్లగా ఉన్న లేత నీలం ముక్కతో, ఒక్కసారి, గట్టిగా నొక్కి వదిలేయాలి. అయిదో వారం అలా నొక్కాను. వంకాయ ఉబికి వచ్చింది. “ఇక ముట్టుకోకండి ఆంటీ” అంటూ నా ముందు నుంచి కాగితం లాగేసుకుంది ఆ అమ్మాయి.

2020లో క్లాసు మూతపడింది. అప్పుడు ఇంట్లో ఒంటరిగా వేసుకుంటూ, ఈ రంగులు వాడినవాళ్ల గురించి చదివాను. వెనిస్‌లో రోజల్బా కరియేరా అనే ఆవిడ ఉండేది. ఆమె పేస్టల్‌తో వేసిన ముఖచిత్రాలకి యూరప్‌లో రాజకుటుంబాలు ఎగబడేవి. 1720లో పారిస్ వెళ్తే అక్కడి రాజ అకాడమీ ఆమెని సభ్యురాలిగా చేర్చుకుంది, ఆడవాళ్లని చేర్చుకోవడమే అరుదైన రోజుల్లో. చివరి సంవత్సరాల్లో పాపం ఆమె చూపు పోయింది. ఇంకొకాయన ఫ్రాన్సులో షార్దాఁ. జీవితమంతా తైలవర్ణాలతో వంటింటి గిన్నెలూ, పళ్లూ, రొట్టెలూ వేసి పేరు తెచ్చుకున్నాడు. డెబ్బై ఏళ్లు వచ్చేసరికి కళ్లు దెబ్బతిని ఆ రంగులు పడక, పేస్టల్‌కి మారాడు. 1771లో వేసుకున్న ఆయన సొంత బొమ్మ పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. ముక్కు మీద కళ్లజోడు, తలకి గుడ్డ, మెడకి రుమాలు. నాకు మాత్రం అచ్చం పెన్షను బ్రాంచిలో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి వచ్చిన పెద్దాయనలా కనిపిస్తాడు. నర్తకీమణుల బొమ్మలు వేసిన దెగా కూడా చూపు తగ్గుతున్నకొద్దీ పేస్టల్ వైపే ఎక్కువగా మొగ్గాడు. మన దేశంలో అవనీంద్రనాథ్ ఠాగూర్ కుర్రతనంలో కలకత్తాలో గిలార్డి అనే ఇటాలియన్ గురువు దగ్గర పేస్టల్ నేర్చుకున్నారు. తర్వాత వేరే దారి పట్టారనుకోండి. నాకు షార్దాఁయే దగ్గరివాడు. మొదట్నుంచీ చేసిన పని శరీరం ఒప్పుకోనప్పుడు, ఆయన ఇంట్లో కూర్చోలేదు, సామాను మార్చాడు.

రెండున్నర శతాబ్దాలైనా ఆ బొమ్మల రంగులు అంత తాజాగా ఉండడానికి కారణం, పచ్చబడిపోయే నూనె అందులో లేకపోవడం. కానీ మన ఊళ్లో దాచుకోవడం వేరే కథ. మాది విశాఖ, సముద్రం దగ్గర. నేను పటం కట్టించిన మొదటి బొమ్మ మా అమ్మది, రెండు చేతులతో మజ్జిగ గ్లాసు పట్టుకున్న బొమ్మ. ఫొటో లేదు, గుర్తున్నంతవరకు వేశాను. ముఖం సరిగా రాలేదు, చేతులు వచ్చాయి. తొందరపడి దగ్గర్లో కొట్లో అద్దానికి ఆనించి బిగించమన్నాను. బయట గోడకి తగిలించాను. ఒక్క వానాకాలం గడిచేసరికి అద్దం లోపలివైపు సగం రంగు అంటుకుపోయింది, మిగతా సగం మీద తెల్లటి బూజు చుక్కలు. ఆ తప్పు పూర్తిగా నాది. పటం కట్టేటప్పుడు బొమ్మకీ అద్దానికీ మధ్య ఖాళీ ఉండేలా మందపాటి మౌంటు పెట్టించాలి. అద్దమే వాడాలి, ప్లాస్టిక్ షీటు వద్దు, అది ఈ పొడిని తనవైపు లాక్కుంటుంది. చెమ్మగోడకి తగిలించకూడదు. రంగు రాలకుండా పైన కొట్టే స్ప్రేలు ఉంటాయి, కానీ కొడితే లేత రంగులు మసకబారతాయి. నేను కొట్టను. ఆ పాడైన బొమ్మ ఇప్పటికీ బీరువాలో ఉంది. మళ్లీ వేశాను, రెండుసార్లు. చేతులు మాత్రం మొదటిదాంట్లోనే బాగున్నాయి.

చిన్న చిన్న జాగ్రత్తలు. కాగితం మీది పొడిని నోటితో ఊదకండి, బయటికి తీసుకెళ్లి తట్టండి. ఆయాసం ఉన్నవాళ్లు మాస్కు పెట్టుకోండి. కొన్ని రంగుల్లో మంచివి కాని లోహాలుంటాయి, పసిపిల్లలకి అందనివ్వకండి, చేతులు కడుక్కోకుండా ఏమీ తినకండి. ముక్కలన్నీ ఒకదానికొకటి రాసుకుని మాసిపోతే, ఒక డబ్బాలో బియ్యపు నూక పోసి, ముక్కలు వేసి, మెల్లగా కదపండి. మళ్లీ తేటపడతాయి. ఆ నూక ఉప్మాకి వాడకూడదని మా ఇంట్లో డబ్బా మీద రాసి అంటించాల్సొచ్చింది.

సంతకం మాట చెప్పి ముగిస్తాను. బొమ్మ అయ్యాక మూలలో సంతకం పెట్టడం పద్ధతి. మొదట్లో పెట్టబోయి రెండు బొమ్మలు పాడుచేసుకున్నాను. సన్నగా గీయాలి కదా, అక్కడ నా చెయ్యి నా మాట వినదు. కౌంటర్లో ఉన్న రోజుల్లో పెన్షన్ల తారీఖున చదువురాని ముసలమ్మలు వచ్చేవాళ్లు. నేనే వాళ్ల బొటనవేలు పట్టుకుని, ప్యాడు మీద అద్ది, వోచరు మీద ఒత్తించేదాన్ని. కొందరు సిగ్గుపడి వేలు లోపలికి లాక్కునేవాళ్లు. “సిగ్గెందుకమ్మా, మా సంతకం ఎవడైనా దొంగతనంగా పెట్టగలడు, నీ వేలు ఎవడు పెట్టగలడు?” అనేదాన్ని. ఊరికే, వాళ్లని నవ్వించడానికి. ఇప్పుడు బొమ్మ పూర్తయ్యాక నా బొటనవేలికి ముదురు నీలం రాసుకుని కుడివైపు మూలలో ఒత్తుతున్నాను. ఇప్పటికి నలభై బొమ్మల దాకా ఉన్నాయి, ఒక్కటీ తిరిగి రాలేదు.

వెనక బల్ల మీద నాలుగు పెట్టెలు, ఉప్పుకాగితం ముక్కలు, ఒక కేజీ వంకాయలు పెట్టించాను. భోజనాలకి ఇంకా అరగంట ఉందట. పిల్లల్ని ముందు రానివ్వండి, పెద్దవాళ్లు తర్వాత. అందరికీ ఒక్కో కొత్త ముక్క ఇస్తాను. తీసుకోగానే విరవండి.